మలుపు తెలుపు దీపము

సాయంకాలము దీపములు పెట్టు వేళ మోటారు సైకిలుపై ఇంటికి వచ్చుచున్న గృహస్థు తన వీధి మలుపు దగ్గర ఎడమచేతి బొటనవ్రేలితో ఒక చిన్న మీటను ప్రక్కకు నెట్టును. టక్కు టక్కుమని చప్పుడు వినబడును. ఎదుట బాణపు గుర్తు మిణుకు మిణుకుమనును. చెప్పవలసినది చెప్పితిననుకొని ఆయన బండి త్రిప్పును. కాని చెప్పిన మాట వెనుక వచ్చువానికి చేరినదో లేదో ఆయనకు తెలియదు. ఏలనగా ఆ మాట పలుకవలసిన దీపము ఆయన వీపు వెనుక నున్నది.

శ్రోతలారా! ఈ చిన్న సంగతి నాకు తెలియుటకు ఒక కుర్రవాని మణికట్టు ఎముక విరుగవలసి వచ్చినది. నేను ముప్పది యేండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొన్నవాడను. వలయము పూర్తియైన గాని విద్యుత్తు ప్రవహింపదని నల్లబల్లమీద ఎన్నిమారులు గీసితినో లెక్కలేదు. ఆ వలయము నా బండిలోనే తెగియుండగా పదునైదు దినములు దానిపై నిశ్చింతగా తిరిగితిని.

మాది కోనసీమలో కాలువగట్టు మీది ఊరు. 2018వ సంవత్సరము కార్తికమాసమునకు ముందు నా మోటారు సైకిలు వెనుక మడ్‌గార్డు పగిలినందున వెల్డింగు చేయించి, నల్లరంగు వేయించితిని. ఆ తరువాత రెండు మూడు దినములకు కుడివైపు సంజ్ఞ మీట నొక్కినప్పుడు దీపము ముందుకన్న చాల తొందరగా మిణుకుట గమనించితిని. ఎడమవైపు మామూలుగనే యుండెను. మెకానిక్కు దగ్గరకు తీసికొనిపోయితిని. ఆయన రెండుసార్లు మీట నొక్కి చూచి, "రిలే పోయింది మాస్టారూ, మార్చేస్తాను" అనెను. మార్చెను. దీపము మరల తొందరగనే మిణికెను. "కొత్త రిలే కదండీ, కొంచెం జోరుగా ఉంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని చెప్పెను. నేను నమ్మితిని. మడ్‌గార్డునకు రంగు వేయించిన మాట నేను చెప్పలేదు, ఆయన అడుగలేదు.

వారము గడిచిన పిమ్మట ఒక సాయంకాలము గట్టు దారినుండి సంతవీధికి కుడిచేతి వైపు తిరుగుచుంటిని. సంజ్ఞ ఇచ్చితిని. చప్పుడు వింటిని. బాణము మిణుకుట చూచితిని. తిరిగితిని. వెనుకనుండి కుడిప్రక్కగా నన్ను దాటబోయిన కుర్రవాడు నా బండికి తగిలి పడిపోయెను, నేనును పడితిని. నాకు మోకాలు గీచుకొనెను. అతనికి మణికట్టు విరిగెను. అందరివలెనే నేనును మొదట వాదమునకు దిగితిని. "సంజ్ఞ ఇచ్చితినయ్యా, చూచుకొని రావద్దా?" అంటిని. అతడు నొప్పితో పండ్లు బిగించుకొని, "వెనకాల ఏమీ వెలగలేదండీ" అనెను. ప్రక్కనున్న అరటిపండ్ల బండివాడు నా బండి లేవనెత్తి, తాళము త్రిప్పి, కుడివైపు మీట నొక్కి, నన్ను వెనుకకు పిలిచెను. ముందు దీపము పరుగు పరుగున మిణుకుచున్నది. వెనుక దీపము చీకటిగా నున్నది. నాకు నోట మాట రాలేదు.

కుర్రవానికి ఆరు వారములు పట్టీ వేసిరి. ఆ ఆరు వారములలో నేను నా బండి దీపముల వెంట పడితిని. నేర్చుకొన్నదానిని ఈనాడు మీకు మనవి చేయుచున్నాను. మీ ఇండ్లలో మోటారు సైకిలు లేనివారు తక్కువ. దానిని నడుపువారు భర్తయో, కొడుకో, కుమార్తెయో కావచ్చును.

మొదట ఈ దీపమెందుకు మిణుకవలెనో రెండు మాటలు. పూర్వము చేయి చాపి మలుపు తెలుపుచుండెడివారు. మా తండ్రిగారి బండికి ఈ దీపములు లేనే లేవు. ఐరోపాలోని కార్లకు కొంతకాలము రైలు కైకాటివలె ప్రక్కనుండి లేచు చిన్న చేతులుండెను. మిణుకు దీపములను అమెరికాలో బ్యూయిక్ కార్లు 1939లో తెచ్చి ప్రచారము చేసినవి. నిలకడగా వెలుగు దీపము వెనుక దీపమో బ్రేకు దీపమో అని కన్ను పొరబడవచ్చును. వెలిగి ఆరి వెలుగుదానిని కన్ను విడువదు. అందుచేత దాని రంగు పసుపు నారింజల నడుమ నుండవలెననియు, నిమిషమునకు 60కి తక్కువ గాక 120కి మించక మిణుకవలెననియు నియమ మేర్పడినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 121వ విభాగములో మలుపు సంజ్ఞను గూర్చిన విధి కలదు. దానిని విద్యుత్ సాధనముతో నీయవచ్చునని కూడ అందులోనే యున్నది. చేయి చాపవచ్చును గదా అందురేమో. మోటారు సైకిలుకు పెట్రోలు పిడియు, ముందు చక్రపు బ్రేకును కుడిచేతిలోనే యున్నవి. సరిగా మలుపు దగ్గర ఆ చేతిని గాలిలోనికి చాపుట అలవాటున్నవారికే గాని అందరికి క్షేమము కాదు.

ఇక ఆ దీపమునకు విద్యుత్తు ఏ దారిని వచ్చునో చూతము. మా కోనసీమవారికి కాలువల పోలిక చెప్పిన సులభముగా తెలియును. బ్యాటరీ ఆనకట్ట వంటిది. అక్కడినుండి బయలుదేరిన ప్రవాహము మొదట ఫ్యూజు గుండ పోవును. ప్రవాహము మితిమీరినచో తాను కరగి తక్కిన తీగలను కాపాడునది ఫ్యూజు. తరువాత తాళపు స్విచ్చి. తరువాత రిలే అను చిన్న డబ్బా. కొందరు దీనినే ఫ్లాషరు అందురు. గంటకొకసారి గాక క్షణమున కొకసారి తలుపు తెరచి మూయు లాకు వంటిది ఇది. టక్కు టక్కు చప్పుడు దీనిదే. అక్కడినుండి ఒకే తీగ హ్యాండిలు మీది మీట వరకు వచ్చును. ఆ మీట దగ్గర కాలువ రెండుగా చీలును: ఒకటి కుడివైపు రెండు దీపములకు, ఒకటి ఎడమవైపు రెండు దీపములకు. దీపములో వెలిగిన పిమ్మట ప్రవాహము బండి ఇనుప చట్రము ద్వారమునగాని, వేరొక తీగ ద్వారమునగాని బ్యాటరీకి తిరిగి చేరవలెను. దీనినే ఎర్తు అందురు. మురుగుకాలువ పూడిపోయిన పొలములోనికి కొత్త నీరు రాదు గదా! ఇక్కడ మురుగుకాలువ ఎర్తు. పోలిక అన్నివిధముల సరిపోదని నాలోని ఉపాధ్యాయుడు గొణుగుచున్నాడు. మురుగునీరు ఆనకట్టకు తిరిగిరాదు. అయినను పని జరుగుటకు ఇది చాలును.

ఈ పటము మనస్సులో నున్నచో సగము శోధన కూర్చున్నచోటనే జరుగును. రిలే రెండువైపులకు ఉమ్మడి సొత్తు. అది చెడినచో రెండువైపులు చెడవలెను. నా బండికి ఎడమవైపు చక్కగా పనిచేయుచున్నది, కుడివైపే తప్పు. కాబట్టి రిలే నిర్దోషి. ఈ మాట ఎనిమిదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఆనాడు మెకానిక్కు చెప్పలేదు. భౌతికశాస్త్రోపాధ్యాయుడనైన నాకును తోచలేదు. నిర్దోషిని తీసివేసి కొత్తవానిని నియమించి డబ్బులిచ్చి వచ్చితిమి.

అయితే ఆ తొందరయేమి? రిలేలలో పాతకాలపువి, క్రొత్తవి అని రెండు తెగలు. పాతవానిలో రెండు లోహముల నంటించిన రేకు ఉండును. దీపముల ప్రవాహమే దానిని వేడిచేయును. వేడికి అది వంగి వలయమును తెంచును. చల్లబడి మరల కలుపును. ఇట్టిదాని వెనుక రెండు బల్బులలో ఒకటి వెలుగనిచో ప్రవాహము సగమగును, వేడి నాలుగవ వంతునకు పడిపోవును. రేకు వంగుటకు ఆ వేడి చాలదు. అప్పుడు మిగిలిన దీపము మిణుకక నిలకడగా వెలుగుచుండును. క్రొత్త ఎలక్ట్రానిక్ రిలేలు వేరు. వానిలో చాలవరకు ప్రవాహమును కొలుచుచుండును. ఒక బల్బు తగ్గినదని తెలియగనే అవి బుద్ధిపూర్వకముగా రెట్టింపు వేగముతో మిణుకును. వెనుకనున్న దీపమును నడుపువాడు చూడలేడు గనుక, ముందున్న దీపముచేత వార్త చెప్పించుటకు చేసిన ఏర్పాటిది. నా రిలే పదునైదు దినములు నాతో "వెనుక దీపము లేదు, లేదు" అని మొరపెట్టుకొన్నది. నేను దానినే తప్పుపట్టి ఊడబెరికించితిని.

కావున మొదటి మాట. ఒకవైపు మాత్రమే తొందరగా మిణికినను, మిణుకక నిలిచి వెలిగినను, వెంటనే దిగి ఆ వైపు రెండు దీపములను కన్నులతో చూడవలెను. ఒకటి చీకటిగా నుండును. దాని అద్దము మరలు విప్పి బల్బును బయటకు తీయుడు. లోపలి తీగ తెగినదా, గాజు నల్లబడినదా చూడుడు. కొత్త బల్బు వేయునప్పుడు దాని అడుగున చెక్కిన అంకెలు చదువవలెను. మన చిన్న బండ్లకు సాధారణముగా 12 వోల్టులు, 10 వాట్లు. అంగడివాడు 5 వాట్ల దానిని చేతిలో పెట్టినచో దీపము మందముగా నుండుటయే గాక రిలే మరల తొందరపడును. ప్రకాశమునకు ఆశపడి 21 వాట్లది వేసినచో ప్లాస్టిక్ గిన్నె వేడికి వంకర పోవును.

నేను బల్బు తీసి చూడగా అది బాగుగనే యున్నది. దానిని ముందు గిన్నెలో వేయగా చక్కగా వెలిగెను. అనగా దోషము బల్బులో లేదు, దానికి పోవు దారిలోనో, దానినుండి వచ్చు దారిలోనో ఉన్నది. ఇక్కడ మీకు ఒక పనిముట్టు కావలెను. పాత 12 వోల్టుల బల్బు ఒకటి, దాని హోల్డరునకు రెండు మూరల తీగలు రెండు, ఒక తీగ చివర మొసలి నోటివంటి క్లిప్పు. మెకానిక్కులు దీనిని టెస్టు ల్యాంపు అందురు. క్లిప్పును బండి చట్రముపై రంగులేని ఇనుమునకు తగిలించి, రెండవ తీగను వెలుగని దీపము గిన్నెలోని నడిమి మొనకు ఆనించితిని. మీట కుడివైపునకు నెట్టియుండగా నా చేతిలోని బల్బు మిణుకసాగెను. విద్యుత్తు గిన్నెవరకు వచ్చుచున్నది. వచ్చిన నీరు పోవుటకు దారిలేదన్నమాట.

అప్పుడు జ్ఞాపకము వచ్చినది నల్లరంగు. మా బండిది పాత పద్ధతి. వెనుక దీపపు కాడను మడ్‌గార్డునకు మరతో బిగించినదే దానికి ఎర్తు. రంగు వేసిన మనిషి దీపములు విప్పి, మడ్‌గార్డు లోపల బయట దళసరిగా పూసి, ఆరినమీదట మరల బిగించినాడు. ఇనుమునకు ఇనుమునకు మధ్య రంగు పొర నిలిచినది. ఎడమవైపు మర బిగించునప్పుడు రంగు గీచుకొనిపోయి ఎట్లో అంటుకొన్నది, కుడివైపు అంటలేదు. గరుకు కాగితముతో పావలా బిళ్ళంత చోట రంగు గీచి, ఇనుము తళతళలాడించి, మర బిగించి, పైన కొంచెము వాసెలైను రాచితిని. దీపము వెలిగెను. మిణుకు నిదానించెను. ఖర్చు గరుకు కాగితమునకైనది. ఆ సాయంకాలము గట్టు మలుపున జరిగినదానికి మూలము ఈ పావలా బిళ్ళంత రంగు.

మీ బండికి రంగు వేయకపోయినను ఇది మీకు రావచ్చును. సముద్రపుగాలి తగులు మా ప్రాంతములలో ఇత్తడి మొనలకు పచ్చచిలుము, ఇనుప మొనలకు తుప్పు తొందరగా పట్టును. దానిని గుర్తించు వింత లక్షణమొకటి చెప్పెదను. వెనుక దీపములన్నిటికి ఒకే ఎర్తు తీగ యున్న బండ్లలో ఆ తీగ చెడినచో ప్రవాహము తిరుగుదారి వెదకుకొనుచు ప్రక్క దీపములోనికి దూరును. బ్రేకు నొక్కగా మలుపు దీపము సన్నగా వెలుగుట, మలుపు సంజ్ఞ ఇయ్యగా వెనుక ఎర్రదీపము మిణుకుట, ఇట్టివి కనబడినచో బండికి దయ్యము పట్టలేదు, ఎర్తు చూడుడు.

ఇక నాలుగు దీపములు ఒక్కసారి మూగవోయినచో దోషము ఉమ్మడి దారిలో నుండును. అప్పుడు హారను నొక్కవలెను, బ్రేకు దీపము చూడవలెను. అవియును పలుకనిచో ఫ్యూజు వైపు, బ్యాటరీ వైపు పోవలెను. ఫ్యూజు కరిగినచో అదే అంకె గల మరియొక దానిని వేయవలెను గాని సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టరాదు. నేను చూచితిని, అట్లు చుట్టి సంవత్సరములు నడుపువారున్నారు. ఫ్యూజు చేయవలసిన పనిని అప్పుడు తీగలు చేయును, సీటు క్రింద మంటతో. విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 12కు దిగినచో అది నీరసించినది. ఇంజను వేగముగా తిరుగునప్పుడు దీపములు బాగుగ మిణికి, ఇంజను నెమ్మదించినప్పుడు ఈడ్చినట్లు వెలిగినచో ఆ నీరసమే కారణమని అనుమానింపవచ్చును. బ్యాటరీ మొనల మీది తెల్లని పొడి, వదులైన మర కూడ ఇదే వేషము వేయును.

హారను పలికి దీపములు మాత్రము పలుకనిచో రిలేను పరీక్షించు సమయము వచ్చినది. తాళము తీసి, రిలే గూటినుండి తీగల సాకెట్టును ఊడదీసి, దానిలోని రెండు రంధ్రములను చిన్న తీగముక్కతో కలుపవలెను. మరల తాళము త్రిప్పి మీట నొక్కినచో దీపములు మిణుకక నిలకడగా వెలిగెనా, రిలేయే దోషి. ఈసారి నిస్సందేహముగా మార్చవచ్చును. వెలుగనిచో ఇంకను వెనుకకో ముందుకో వెదకవలెను. మూడు రంధ్రములున్నచో మాత్రము జాగ్రత్త. మూడవది సాధారణముగా ఎర్తు తీగయైయుండును. దానిని వచ్చు తీగతో కలిపినచో ఫ్యూజు వెంటనే పోవును. హోండా పద్ధతి తీగలున్న బండ్లలో బూడిదరంగు తీగ రిలేనుండి మీటకు, నారింజరంగు ఎడమ దీపములకు, లేతనీలము కుడి దీపములకు, పచ్చనిది ఎర్తుకు. తక్కిన కంపెనీల రంగులు వేరు. బండితో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. ఆ పుస్తకమును చిత్తుకాగితములవానికి వేయకుందురుగాక.

మరియొక హెచ్చరిక. 2020 ఏప్రిలునుండి అమ్ముడైన బండ్లలో చాలవరకు పెట్రోలు పంచు పని ఎలక్ట్రానిక్ పెట్టె చేయును. అట్టి బండిలో టెస్టు ల్యాంపును మలుపు దీపముల తీగలకు తప్ప కనబడిన ప్రతి తీగకు పొడువరాదు. ఆ బల్బు లాగు ప్రవాహమును సున్నితమైన తీగలు భరింపలేవు. మల్టీమీటరు ఉత్తమము, ఇప్పుడు అది చిన్న ఊళ్ళలోను దొరకును.

హ్యాండిలు ప్రక్కకు త్రిప్పినప్పుడు మాత్రమే దీపము పోయి, తిన్నగా పెట్టిన వచ్చుచున్నదా? హ్యాండిలు మెడ దగ్గర తీగ నలిగి లోపల తెగియుండును. పై రబ్బరు చక్కగనే యుండును గనుక కంటికి తెలియదు, వ్రేలితో వంచి చూడవలెను. మీటను రెండు మూడుసార్లు ఆడించినగాని పట్టుకొనుట లేదా? మీట లోపలి రాగి మొనలపై దుమ్ము, చిలుము చేరినవి. అంగడిలో దొరకు కాంటాక్టు క్లీనరు చల్లి పదిసార్లు అటునిటు ఆడించిన చాలవరకు కుదురుకొనును. నూనె పోయకుడు, నూనెకు దుమ్ము చుట్టము. వానలో మాత్రమే పోవు దీపములో నీరు దూరుచున్నది. అద్దము చుట్టునున్న రబ్బరు చూడుడు.

ఇక ఆ కుర్రవాని సంగతి. పట్టీ విప్పిన తరువాత ఒక ఆదివారము అతడే మా ఇంటికి వచ్చెను. నేను వైద్యపు ఖర్చు భరించితిని గాని దానివలన నా మనస్సు తేలికపడలేదు. అతనిని చూడగనే లోపలికి పిలుచుటకు కూడ తడబడితిని. అతడు నవ్వి, "మాస్టారూ, మీరు లైట్లు బాగు చేస్తున్నారటగా, మా బండీ ఒకసారి చూడండి" అనెను. అతని బండి మీట నొక్కగా నాలుగు దీపములు ఒక్కసారిగా, దడదడ మిణుకుచున్నవి. కుడివైపు నొక్కినను అంతే, ఎడమవైపు నొక్కినను అంతే. వెనుకవాడు దానిని చూచి ఏ వైపు తిరుగుచున్నాడని అనుకొనవలెను?

విచారింపగా అతడు పాత బల్బులు తీసి అందముకొరకు ఎల్.ఇ.డి. దీపములు పెట్టించినాడు. అవి లాగు ప్రవాహము పాత బల్బులలో పదవ వంతు కూడ నుండదు. రిలే ఆ కొలత చూచి, "రెండు బల్బులును పోయినవి" అని భ్రమపడి పరుగెత్తుచున్నది. దీనికి రెండు విరుగుడులున్నవి. ఎల్.ఇ.డి. దీపములకు తగిన, ప్రవాహమును కొలువని రిలే వేయుట ఒకటి. దీపమునకు సమాంతరముగా రెసిస్టరు కలిపి, పాత బల్బంత ప్రవాహమును వృథాగా కాల్చుట రెండవది. ఈ రెండవది నాకు నచ్చదు. తక్కువ విద్యుత్తుకొరకు కొన్న దీపమునకు, పక్కనొక కుంపటి పెట్టి విద్యుత్తు తినిపించుటేల? పైగా ఆ రెసిస్టరు చాల వేడెక్కి ప్లాస్టిక్కును కాల్చగలదు. రిలే మార్పించితిమి. తొందర తగ్గెను. నాలుగు దీపములు ఏకకాలమున మిణుకుట మాత్రము తగ్గలేదు.

దీనికొరకు నేను ఒక పూట తలపట్టుకొని కూర్చుంటిని. అతని బండికి ఎదుట కుడి ఎడమలకు కలిపి ఒకే ఒక సూచక దీపమున్నది. ఆ చిన్న బల్బు ఒక కొన కుడి తీగకు, మరియొక కొన ఎడమ తీగకు కట్టబడియుండును. కుడివైపు వెలుగునప్పుడు దాని ప్రవాహము ఎడమవైపు పెద్ద బల్బుల గుండ ఎర్తుకు పోవును. ఆ కొద్ది ప్రవాహమునకు పెద్ద బల్బులు వెలుగవు, చిన్నది వెలుగును. చమత్కారమైన ఏర్పాటు. కాని ఎల్.ఇ.డి. దీపమునకు ఆ కొద్దియే చాలును! కాబట్టి అదియును వెలుగును. సూచక బల్బును గూటినుండి పెరికి చూచితిమి. వెంటనే రెండు వైపులు వేరుపడినవి. రోగము దొరికినది. మందు రెండు చిన్న డయోడులు, 1ఎన్4007 అనునవి, రేడియో మరమ్మతు అంగడిలో కొద్ది రూపాయలకు దొరకును. కుడి తీగనుండి ఒకటి, ఎడమ తీగనుండి ఒకటి, సూచక బల్బు వైపునకు మాత్రమే ప్రవాహము పోవునట్లు అతికి, బల్బు రెండవ కొనను ఎర్తుకు కట్టితిమి. ఒకవైపునుండి వచ్చినది రెండవ వైపునకు దాటదు. సాల్డరింగు అతడే చేసినాడు. మణికట్టు ఇంకను కొంచెము బిగుసుకొనియుండెను గాని చేయి వణకలేదు.

పని ముగియుసరికి దీపములు పెట్టు వేళయైనది. మా మనుమరాలు బండి వెనుక నిలిచి, నేను మీట నొక్కుచుండగా, "కుడి వెనక వెలిగింది తాతా, ఎడమ వెనక వెలిగింది, బ్రేకు వెలిగింది" అని పాఠమువలె అప్పగించెను. వెనుక నిలిచి చెప్పువారు లేనినాడు బండిని గోడకు వీపు త్రిప్పి నిలిపినచో గోడ మీది వెలుగే చెప్పును; ఇప్పుడు నేను బయలుదేరుటకు ముందు అట్లే చూచుకొనుచున్నాను.

కుర్రవాడు కాఫీ త్రాగి బండి ఎక్కెను. నేను గుమ్మములో నిలుచుంటిని. మా వీధి చివర అతడు కుడివైపు తిరుగవలెను. మలుపునకు చాల ముందే వెనుక దీపము వెలిగెను. పదిసార్లు మిణుకువరకు లెక్కపెట్టితిని. వెనుక వచ్చుచున్న ఆటో నెమ్మదించి నిలిచెను. అతడు తిరిగిపోయెను.